గడీ గోడలు చెప్పే కథ

పిల్లలూ! మనం ఉంటున్న రాష్ట్రం పేరులోనే కోటలున్నాయి. 'ఛత్తీస్' అంటే ముప్పై ఆరు, 'గఢ్' అంటే కోట. కలచురి రాజుల కాలంలో శివనాథ్ నదికి ఉత్తరాన రతన్‌పూర్ కింద 18, దక్షిణాన రాయ్‌పూర్ కింద 18 గఢ్‌లు ఉండేవనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ చెబుతారు. మన తిల్దాకు దగ్గర్లోని సిమ్‌గా ఆ ముప్పై ఆరింటిలో ఒకటి. ఈ 'గఢ్'కు చుట్టమైన మాట తెలుగులోనూ ఉంది. అదే 'గడీ'.

కోట రాజుది, గడీ దొరది. నిజాం పాలనలో ఊళ్ళ మీద పెత్తనం చేసిన దేశ్‌ముఖ్‌లు, జాగీర్దార్లు కట్టుకున్న కోటలాంటి ఇంటిని తెలంగాణలో గడీ అంటారు. దొర కాపురం, కచేరీ, ధాన్యం కొట్లు అన్నీ అందులోనే.

సెలవుల్లో తాతగారి ఊరు వెళ్ళినప్పుడు పాడుబడిన గడీ కనిపిస్తే ఫొటో దిగి వచ్చేయకండి. ముందు ఎత్తయిన ప్రహరీ, బురుజులు, పెద్ద దర్వాజా చూడండి. ఇల్లు దొంగల నుంచే కాదు, ఊరి నుంచి కూడా దూరంగా ఉండాలని కట్టినట్టు తెలుస్తుంది. పెచ్చులూడిన చోట చూస్తే సిమెంటు ఉండదు. సున్నం, ఇసుక గానుగలో రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం వంటివి కలిపి చేసిన డంగుసున్నం అది. అంత గట్టి గోడ ఎందుకు కూలుతుంది? కప్పు పోయాక వాన నీరు లోపలికి దిగుతుంది. పగుళ్ళలో రావి మొక్క మొలిచి, వేళ్ళతో గోడను చీలుస్తుంది.

ఇక కంటికి కనిపించని సంగతి. ఈ గడీల పనులు చాలావరకు వెట్టితో నడిచాయి. చాకలి, మంగలి, కుమ్మరి, రైతుకూలీ కూలి లేకుండా పని చేయాలి. "బాంచన్ దొరా, నీ కాల్మొక్తా" అన్న మాట ఆ రోజులదే. జనగామ ప్రాంతంలోని విసునూరు దేశ్‌ముఖ్‌ను పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం ఎదిరించింది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనంపై దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ప్రాణాలు విడిచాడు. దాంతో తెలంగాణ సాయుధ పోరాటం ఊరూరికీ పాకింది. 1948లో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. దొరలు పట్నాలకు తరలిపోగా ఎన్నో గడీలు ఖాళీ అయ్యాయి.

మరి వీటిని నిలబెట్టాలా, కూలిపోనివ్వాలా? కామారెడ్డి జిల్లా దోమకొండ గడీని బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. మరోవైపు, మా తాతలను ఏడిపించిన గోడలు మాకెందుకు అనేవారూ ఉన్నారు. ఆ బాధ న్యాయమైనదే. అయినా గోడ ఉంటేనే దాన్ని చూపించి, ఎవరు మోసిన రాళ్ళో చెప్పగలం. అందాన్ని మాత్రమే చెప్పి వెట్టిని దాచితే, అది సగం చరిత్రే.

చూడటానికి వెళ్తే పెద్దల తోడుతోనే వెళ్ళండి. గోడలెక్కకండి, పేర్లు చెక్కకండి. పాములుంటాయి, జాగ్రత్త.

మూడేళ్ళకో ఊరు మారే మనకు సొంత ఊరి కథ పెద్దలు చెబితేనే తెలుస్తుంది. ఈసారి తాతయ్యనో నాయనమ్మనో ఒక్క ప్రశ్న అడగండి: "ఆ గడీలోకి మనవాళ్ళు ఏ పని మీద వెళ్ళేవారు?" వాళ్ళు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాసి తీసుకురండి. తరగతిలో అందరం చదువుకుందాం.