పొలం పనుల్లో వాడే తోలు బూట్ల సంరక్షణ

యాసంగి పనులు మొదలయ్యాక మంచుకు తడిసిన గట్ల మీద నడవడం, రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లడం రైతులకు తప్పదు. పాముకాట్లలో ఎక్కువ భాగం పాదం, చీలమండ, పిక్కల దగ్గరే పడతాయి. చీలమండ పైదాకా వచ్చే తోలు బూటు పాముకాటు ముప్పును తగ్గిస్తుంది. ముళ్లు, పత్తి మోళ్లు గుచ్చుకోకుండా కాపాడుతుంది. అయితే తడిసి ఎండి గట్టిపడిన బూటు మడమను ఒరిసి పుండు చేస్తుంది. అలాంటి బూటును చాలామంది మూలన పడేసి మళ్లీ చెప్పులతోనే పొలానికి వెళ్తారు. కొద్దిపాటి జాగ్రత్తలు తీసుకుంటే ఒక జత బూట్లను ఏళ్ల తరబడి మెత్తగా ఉంచుకోవచ్చు.

తోలు ఎందుకు గట్టిపడుతుంది?

తోలును తయారు చేసేటప్పుడు దాని పోగుల మధ్యకు నూనె పట్టిస్తారు. తోలు మెత్తగా వంగడానికి ఈ నూనే కారణం. పదేపదే తడిసి ఆరడం వల్ల నూనె తగ్గిపోయి, పోగులు ఒకదానికొకటి అంటుకుని బిగుసుకుంటాయి. తడి తోలుకు వేడి తగిలితే ముడుచుకుపోతుంది. అలా ముడుచుకున్న తోలు మళ్లీ మామూలు స్థితికి రాదు.

శుభ్రం చేసే విధానం

- పొలం నుంచి వచ్చిన రోజే మట్టి తీసేయాలి. లేసులు విప్పి, కొబ్బరి పీచుతో గానీ పాత పళ్ల బ్రష్షుతో గానీ కుట్ల వెంబడి రుద్దాలి. కుట్లలో ఇరుక్కున్న ఇసుక నడిచినప్పుడల్లా దారాన్ని కోస్తుంది.
- తర్వాత తడి గుడ్డతో తుడవాలి. బూట్లను నీళ్లలో నానబెట్టకూడదు.
- జిడ్డు ఉంటే ఒంటి సబ్బు నురగ వాడాలి. బట్టల సోడా, సబ్బు పొడి వాడితే తోలులోని నూనె పోతుంది.
- పేడ, పశువుల మూత్రం, యూరియా, పొటాష్ అంటితే వెంటనే కడిగి తుడవాలి. ఇవి తోలును, కుట్లను దెబ్బతీస్తాయి.
- తెల్లని ఉప్పు మరకలు, బూజు కనిపిస్తే వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత మంచినీటి గుడ్డతో మరోసారి తుడవాలి.

ఆరబెట్టడం

తోలు బూట్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. పొయ్యి పక్కన, ఎర్రటి ఎండలో, వేడి రేకుల మీద ఆరబెట్టకూడదు. లోపలి అట్ట తీసి విడిగా ఆరవేయాలి. బూట్లలో పాత వార్తాపత్రికలు ఉండచుట్టి కుక్కి, గాలి తగిలే నీడలో ఉంచాలి. కాగితం తడిని పీల్చుకుంటుంది, బూటు ఆకారం చెడదు. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. బాగా తడిసిన బూట్లు పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

నూనె, మైనం పట్టించడం

మన పల్లెల్లో తోలు చెప్పులకు ఆముదం రాయడం పాత అలవాటే. అది బూట్లకూ పనికొస్తుంది. పూర్తిగా ఆరిన బూటుకు గుడ్డతో పలుచగా రాసి, రాత్రంతా వదిలేసి, పొద్దున పొడి గుడ్డతో తుడవాలి. రోజూ వాడే బూట్లకు నెలకోసారి సరిపోతుంది. ఎక్కువ రాస్తే తోలు సాగిపోతుంది, దుమ్ము పట్టుకుంటుంది.

మంచు తడి లోపలికి దిగకుండా ఉండాలంటే మైనం కావాలి. ఒక వంతు తేనె మైనం, మూడు వంతుల ఆముదం ఒక గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్ల పాత్రలో ఉంచి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. చల్లారాక ఈ ముద్దను కుట్ల మీద, తోలు అడుగు భాగాన్ని కలిసే చోట బాగా రుద్దాలి. దీనివల్ల తోలు రంగు కొంచెం ముదురుతుంది కాబట్టి ముందు కనపడని చోట రాసి చూసుకోవాలి. నూగు ఉండే తోలుకు ఇది రాయకూడదు.

పిచికారికి తోలు బూట్లు వద్దు

పురుగుమందులు, కలుపు మందులు కొట్టేటప్పుడు తోలు బూట్లు వేసుకోకూడదు. తోలు మందును పీల్చుకుంటుంది. ఎంత కడిగినా అది పూర్తిగా పోదు. తర్వాత బూటు తొడిగిన ప్రతిసారీ చెమటతో కలిసి చర్మానికి అంటుతూనే ఉంటుంది. పిచికారికి రబ్బరు గమ్ బూట్లు వాడాలి. మందు లోపలికి కారకుండా ప్యాంటును బూట్ల పైనుంచి కిందికి వదలాలి. తోలు బూట్ల మీద మందు ఒలికి ఇంకిపోతే వాటిని వాడటం మానేయాలి, ఇతరులకూ ఇవ్వకూడదు. నీళ్లు నిలిచిన వరి మడిలోకి కూడా తోలు బూట్లు పనికిరావు.

భద్రపరచడం

పని లేని రోజుల్లో బూట్లను శుభ్రం చేసి, నూనె రాసి, కాగితాలు కుక్కి, నేలకు ఎత్తులో గాలి ఆడే చోట ఉంచాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది. కుట్టు ఊడితే చిన్నగా ఉన్నప్పుడే బాగు చేయించాలి. తొడిగే ముందు ప్రతిసారీ బూటును తలకిందులుగా పట్టుకుని నేలకు తట్టాలి. తేళ్లు, జెర్రులు చీకటిగా ఉండే ఇలాంటి చోట్లలోనే దాక్కుంటాయి.