కుక్క వున్నది, జాగ్రత్త!

నంద్యాలలో కొత్తగా లేచిన కాలనీలలో ఉదయం పూట నాలుగు వీధులు తిరిగితే, ఇంటి యజమాని పేరుకన్న పెద్ద అక్షరాలతో ఒక పలక కనిపిస్తుంది: “కుక్కలున్నవి, జాగ్రత్త!” కొందరు ముచ్చటపడి పక్కన కుక్క తలకాయ బొమ్మ కూడా వేయిస్తారు. 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లా కేంద్రమయింది. ఇళ్ళు పెరిగాయి, ఇళ్ళతోపాటు గేట్లు పెరిగాయి, గేట్లతోపాటు ఈ పలకలూ పెరిగాయి. చదివి జాగ్రత్తపడదామనే ఎవరికైనా వుంటుంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పలక గేటుకు వుంటుంది, గేటు బార్లా తెరిచి వుంటుంది, కుక్క రోడ్డు మీద వుంటుంది!

ఈ పలక మనవాళ్ళు కనిపెట్టినది కాదు. ఇటలీలో పాంపే అనే పట్టణం క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలయి, బూడిద కింద పూడిపోయింది. తరువాత తవ్వి తీస్తే ఒక ఇంటి గుమ్మంలో, రంగురాళ్ళు పొదిగిన నేల మీద, ఒక నల్లకుక్క బొమ్మ బయటపడింది. కింద లాటిన్ భాషలో “కుక్క వున్నది, జాగ్రత్త” అని రాసివున్నది. చూడవలసిన విశేషం మరొకటి వున్నది. బొమ్మలోని కుక్క మెడకు పట్టీ, పట్టీకి గొలుసు వున్నాయి. ఆ ఇంటాయన హెచ్చరికా చేశాడు, గొలుసూ వేశాడు. మనం మొదటిది మాత్రం నేర్చుకొన్నాం.

వీధికుక్కల గొడవ వేరు. 2025 ఆగస్టులో అది సుప్రీంకోర్టులో నలిగింది, దేశమంతా దాన్ని గురించి మాట్లాడుకొన్నది. నేను చెప్పేది ఒక పేరూ, ఒక ఇల్లూ, వేళకు అన్నం పెట్టే యజమానీ వుండి, ఆ ఇంటి కాపలాకోసం పెరిగే కుక్క సంగతి. వీధికుక్క కనబడితే మునిసిపాలిటీని తిట్టుకొంటాం. మరి ఈ కుక్కకు జవాబుదారీ ఎవరు?

“మాది ఏమీ చెయ్యదండీ!”

నాకు పొద్దున్నే నడిచే అలవాటు వున్నది. ఒకనాడు మహానంది రోడ్డు వైపు పోవాలని, కొత్త ఇళ్ళ మధ్యగా నడుస్తున్నాను. తెరిచివున్న గేటులోనుంచి గోధుమరంగు కుక్క ఒకటి బాణంలాగా దూసుకొచ్చింది. మంచి తిండి తిన్న కుక్క, నడుము ఎత్తున వున్నది. నాకు ఐదారు గజాల దూరంలో ఆగి, తోక కర్రలాగా నిలబెట్టి, మెడమీది వెంట్రుకలు లేపి మొరగడం మొదలుపెట్టింది.

అంతలో వెనకనుంచి ఒక కేక వినిపించింది.

“ఉరకొద్దు సామీ! ఆడే నిలబడు!”

సైకిలుకు పాలకేనులు తగిలించుకొని వస్తున్న పెద్దాయన అది. నేను నిలబడ్డాను. ఆయనా సైకిలు దిగి, దాన్ని కుక్కకూ తనకూ మధ్య అడ్డంగా పెట్టుకొని నిలబడ్డాడు. ఆ నిమిషంన్నర గంటన్నరలాగా గడిచిన తరువాత, ఇంటాయన చేతిలో పేపరుతో తీరికగా గేటు దగ్గరికి వచ్చి, నవ్వుతూ అన్నాడు:

“భయపడకండి సార్. మాది ఏమీ చెయ్యదండీ!”

“మీకెందుకు సేస్తాది సామీ? అన్నం పెట్టేది మీరే గదా!” అన్నాడు పాలాయన.

ఇంటాయన కుక్కను పిలుచుకొని లోపలికి పోయాడు. గేటు మాత్రం అట్లాగే వున్నది. పాలాయన సైకిలు నడిపించుకొంటూ నాతోపాటు వీధి చివరిదాకా వచ్చాడు.

“పెద్దోళ్ళం మనం నిలబడతాం. ఇస్కూలు పిల్లోళ్ళు ఈ దారే మానుకొన్నారు. సుట్టు తిరుక్కొని పెద్దరోడ్డు మీద, ఆ లారీల మధ్యన పోతాండారు” అన్నాడు.

అదీ అసలు సంగతి. ఆ కుక్క అప్పటికి ఎవరినీ కరవలేదు. అయినా ఒక వీధి వీధంతా పిల్లలకు లేకుండా పోయింది. కాటు పడితేనే నష్టమని లెక్కవేసేవారు ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు. మన ప్రాంతంలో నడిచేవారు తక్కువా? కార్తీకమాసంలో నవనందులూ దర్శించుకొనే భక్తులున్నారు. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం కొండకు పోయే యాత్రికులున్నారు. తెల్లవారకముందే పొలానికి పోయే కూలీలు, పాలవాళ్ళు, పేపరు వేసే కుర్రవాళ్ళు వున్నారు. వీరందరికీ రోడ్డు ఎంత అవసరమో, గేటు లోపలివారు ఒకసారి తలచుకోవాలి.

కాపరి చెప్పిన మాట

నంద్యాలనుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ రాతిని దేవుడిగా మలిచే శిల్పులు పేరుపొందినవారు. వారిని చూడడానికి పోయినప్పుడు, ఊరి బయట ఒక గొర్రెల మంద ఎదురయింది. మందకు ముందొక కుక్క, వెనకొక కుక్క కాపలా. నల్లమల అంచున మేపుకొనేవారికి కుక్క ఆడంబరం కాదు. రాత్రిపూట తోడేలో, చిరుతో మంద మీదికి వస్తే ముందు పసిగట్టేది అదే. ముందున్న కుక్క నన్ను చూసి గుర్రుమన్నది. కాపరి దాన్ని అదిలించి, నాతో అన్న మాట నేను పుస్తకాలలో చదివినవాటికన్న తేలికగా వున్నది.

“అది నిన్ను సూసి మొరగడంల్యా. నువ్వు మందలోకి వస్తావేమోనని మొరుగుతాది. రానని దానికి తెలిసేట్టు నిలబడు, సాలు.”

కాపలాకుక్క మనసంతా ఈ మాటలోనే వున్నది. దానికి మనమీద పగలేదు. తనదనుకొన్న చోటికి కొత్త మనిషి వస్తున్నాడు. అతడు వెనక్కు తగ్గేదాకా తన పని అయిపోలేదు. గేటు తెరిచి వదిలితే ఆ “తనదనుకొన్న చోటు” నానాటికీ పెరిగి, ముందు అరుగూ, తరువాత వీధీ, ఆపైన మలుపుదాకా తనదే అనుకొంటుంది. ఫలానా గజందాకా మా యజమాని పట్టా వున్నదని దానికెట్లా తెలుస్తుంది?

పైగా మనకొక సామెత వున్నది, మొరిగే కుక్క కరవదని. సామెత మనకు తెలుసు, కుక్కకు తెలియాలి గదా! మొరుగుడు దాని మొదటి నోటీసు. నోటీసు అందుకొని మర్యాదగా తప్పుకొంటే చాలాసార్లు వ్యవహారం అక్కడితో తీరిపోతుంది.

తప్పుకోవడమంటే పరుగెత్తడం కాదు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క పుట్టుకతో వచ్చిన గుణం. నిలబడాలి. దానికి ఎదురుగా కాక, కాస్త పక్కకు తిరిగి నిలబడాలి. కళ్ళలోకి గుచ్చి చూడకూడదు, అట్లాగని పూర్తిగా వీపు చూపించకూడదు. చేతులు వంటికి దగ్గరగా పెట్టుకోవాలి. కేకలు వేయకుండా, నెమ్మది గొంతుతో ఏదైనా అంటూ, అడుగులో అడుగు వేసుకొంటూ వెనక్కు జరగాలి. చేతిలో గొడుగో, సంచో, సైకిలో వుంటే దానికీ మనకూ మధ్య అడ్డం పెట్టాలి. అప్పటికీ మీదబడి కింద పడేస్తే, ముడుచుకొని పడుకొని, మెడనూ, మొహాన్నీ చేతులతో కప్పుకోవాలి. ఇంట్లో పిల్లలకు ఈ నాలుగు ముక్కలూ ఆటలాగా నేర్పిపెడితే మంచిది.

చిత్రమేమిటంటే, ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ కొండలలో కూడా ఇదే పాఠం చెబుతున్నారు. 1992లో ఇటలీ వైపునుంచి తోడేళ్ళు మళ్ళీ అక్కడికి వచ్చాయి. గొర్రెల కాపరులు పెద్ద పెద్ద తెల్లకుక్కలను మందలలో పెట్టుకొన్నారు. కొండలలో షికారుకు పోయేవారికి వాటితో తగువు వచ్చింది. మందను చుట్టి పొమ్మనీ, పరుగెత్తవద్దనీ, సైకిలువారు దిగి నడవాలనీ అక్కడ పలకలు పెట్టారు. బడి మొహం చూశాడో లేదో తెలియని మన కాపరి చెప్పినదీ అదే.

కాటు పడితే

ఎంత జాగ్రత్తగా వున్నా ఒకప్పుడు కాటు పడవచ్చు. అప్పుడు పసరూ, కారమూ, సున్నమూ పట్టించడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలపాటు గాయాన్ని కడగాలి. వెంటనే ఆసుపత్రికి పోవాలి. “పెంచిన కుక్కే గదా, పిచ్చిది కాదులే” అని ఆగరాదు. పిచ్చికుక్క కాటు జబ్బు పైకి కనిపించిందంటే ఇక మందు లేదన్నమాటే. కనిపించకముందయితే ఆపవచ్చు.

ఆ ఆపడమెట్లాగో మొదట చూపినవాడు లూయీ పాశ్చర్. 1885 జులై 6వ తేదీన ఆయన పారిసులో 9 యేళ్ళ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి తన మందు వేయించాడు. ఆ పిల్లవాణ్ణి కరిచింది దిక్కులేని కుక్క కాదు, ఒక కిరాణా వ్యాపారి కుక్క! పిల్లవాడు బతికాడు. మన దేశంలో 1900లో కసౌలీలోనూ, 1907లో కూనూరులోనూ పాశ్చర్ పేరిట సంస్థలు వెలిశాయి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దలు హడలిపోయిన పాతమందును 2005 నాటికి నిలిపివేశారు. ఇప్పుడు వేసేది చేతికి. మొదటి రోజు, తరువాత 3వ, 7వ, 28వ రోజు అనే లెక్కన ప్రభుత్వ ఆసుపత్రులలో వేస్తారు. నెత్తురు వచ్చేటట్టు కరిస్తే గాయంలోకి సీరం కూడా ఎక్కించాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు.

చట్టం కూడా వున్నది

కుక్క చేసినదానికి యజమాని ఏమి చేస్తాడనేవారు వున్నారు. చట్టం అట్లా అనుకోలేదు. 1860 నాటి పీనల్ కోడ్‌లోనే 289వ సెక్షను వుండేది. 2024 జులై 1నుంచి అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 291వ సెక్షను అయింది. తన స్వాధీనంలోని జంతువువల్ల మనిషి ప్రాణానికి ముప్పుగాని, తీవ్రమైన గాయంగాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలలదాకా జైలు, లేదా 5,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చు. పాత చట్టంలో జరిమానా 1,000 రూపాయలే. జాగ్రత్త తీసుకోకపోవడమే ఇక్కడ నేరం, కాటు పడేదాకా చట్టం కాచుకొని కూర్చోదు.

అది ఊరికే రాసుకొన్న మాట కాదు. 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో, ఒక ఇంటికి భోజనం అందించడానికి పోయిన యువకుడి మీదికి ఆ ఇంటి కుక్క ఉరికింది. అతడు బెదిరి పరుగుతీసి, మూడో అంతస్తునుంచి పడి, ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. కుక్క కరవకుండానే మనిషి పోయాడు. “మాది ఏమీ చెయ్యదండీ” అనేవారు జ్ఞాపకం పెట్టుకోవలసిన సంగతి ఇది.

కుక్క తరఫున

అయితే కుక్కను రాళ్ళతో కొట్టమనీ, రాత్రింబగళ్ళు కట్టిపడేయమనీ నేను చెప్పడం లేదు. భారతంలో జనమేజయుని తమ్ముళ్ళు యాగం దగ్గర ఆడుకొంటున్న సరమ కొడుకును ఏ తప్పూ లేకుండా కొట్టారు. దేవతల కుక్క సరమ వచ్చి రాజును నిలదీసింది. కారణం లేకుండా దుర్బలులకు కీడు చేసేవారికి ఎదురుచూడని భయాలు కలుగుతాయని చెప్పి మరీ పోయింది. నన్నయగారు ఆ కథను ఆదిపర్వం మొదట్లోనే చెప్పారు. ఇవాళ రాయి తిన్న కుక్క రేపు ఇంకొక బాటసారిమీద ఆ కసి తీర్చుకొంటే, రాయి వేసినవాడు అక్కడ వుండడు.

గొలుసు సంగతీ అంతే. పాంపేలోనే మరొక ఇంటి కుక్క కట్టుగొలుసు తెంచుకోలేక బూడిదలో చనిపోయింది. దాని శరీరం వదిలిన గుంటలో 1874లో ప్లాస్టరు పోసి రూపం తీశారు. మెలికలు తిరిగిపోయిన ఆ రూపాన్ని చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. పొద్దస్తమానం గొలుసుకు వున్న కుక్క విడిచిననాడు మరింత కసిగా వుంటుంది. కుక్కకు కావలసింది తిరగడానికి ఆవరణ, ఆవరణకు గోడ, గోడకు గేటు. బయటికి తీసుకుపోయేటప్పుడు చేతిలో తాడు, మనుషులను చూసి బెదరకుండా చిన్ననాటినుంచే మచ్చిక, ఏటేటా పిచ్చికుక్క జబ్బు రాకుండా టీకా. ఇవన్నీ కుక్క తనంతట తాను చేసుకోగలిగినవి కావు.

తిన్న అన్నానికి ప్రాణం పణంగా పెట్టి కాపలా కాసే జంతువు అది. మనం చూపిన చోటునే కాస్తుంది. గేటు దాకా చూపితే గేటు దాకా కాస్తుంది. వీధి మొత్తం చూపితే వీధి మొత్తం కాస్తుంది. ఆ వీధిలో ఎవరి బిడ్డలు నడవాలో, ఎవరు మానుకోవాలో తేల్చే అధికారం కుక్కకు ఇవ్వడం న్యాయం కాదు. గేటుకు గడియ అందుకే పెట్టారు. దాన్ని వేయవలసినవాళ్ళం మనమే.