‘పురుగు ముట్టింది’ అంటే పత్రంలో ఏమని వ్రాయాలి?

ఆలూరు పల్లెల్లో రాత్రిపూట పాము పేరు పలకడానికి పెద్దలు ఇష్టపడరు. వేరుశనగ చేనులో కాపలా పడుకున్న మనిషిని పాము కాటు వేసినా, ఇంటివారు ‘పురుగు ముట్టింది’ అనే అంటారు. 108 వాహనంలో వచ్చిన సహాయకుడు ఈ నుడికారం ఎరుగనివాడైతే, తన పత్రంలో ‘పురుగు కాటు’ అని వ్రాసుకుంటాడు. ఆదోనిలోనో కర్నూలులోనో రోగిని అందుకునే వైద్యుని చేతికి ముందుగా చేరేది ఆ రెండు మాటలే. కట్లపాము కాటులో గాటు, వాపు స్పష్టంగా కనిపించకపోవచ్చు. కనురెప్పలు వాలిన తర్వాత గాని సంగతి బయటపడదు. అప్పటికి విరుగుడు మందు ఇవ్వవలసిన విలువైన సమయం గడచిపోయి ఉంటుంది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ మన పల్లెలకు ఎంత మేలు చేసిందో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే అందులో ప్రయాణించే సహాయకుడు నింపే పత్రం గురించి మనం ఎన్నడూ ఆలోచించం. గతుకుల రోడ్డు మీద, ఒక చేత్తో సెలైన్ పట్టుకొని, మరో చేత్తో వ్రాసే కాగితమది. వంకర అక్షరాలను మేము తప్పుపట్టం. కొలవని రక్తపోటును 120/80 అని నింపడాన్ని మాత్రం ఉపేక్షించలేం. కొలవనప్పుడు ‘కొలవలేదు, కారణం ఇది’ అని వ్రాయడమే న్యాయం. పొరపాటు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది వ్రాసి, సంతకం, సమయం వేయాలి, దిద్ది చెరిపివేయకూడదు.

కన్నది, విన్నది వేరువేరుగా ఉండాలి. ‘తాగి ఉన్నాడు’ అన్నది తీర్పు. ‘మాట తడబడుతోంది, నోట వాసన ఉంది’ అన్నది పరిశీలన. రక్తంలో చక్కెర పడిపోయిన మధుమేహ రోగి కూడా తాగినవాడిలాగే తూలుతాడు. రమజాన్ మధ్యాహ్నాల్లో ఇది మరింత గుర్తుంచుకోదగిన సంగతి. అందుకే చక్కెర ఎంత, ఏ సమయాన చూశారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు అన్నవి పత్రంలో ఉండాలి.

వైద్య చరిత్రలో ఇది కొత్త మాట కాదు. రయ్, బగ్దాదు వైద్యశాలల్లో పనిచేసిన అబూబక్ర్ రాజీ తన రోగుల లక్షణాలను, ఇచ్చిన చికిత్సను, ఫలితాన్ని వ్రాసిపెట్టాడు. చికిత్స ఫలించని సందర్భాలనూ దాచలేదు. శిష్యులు కూర్చిన ఆయన రోగుల వివరాల గ్రంథంలో దాదాపు 900 కేసులున్నాయి.

ఇక ఇంటివారి వంతు. గడియారం చూడకపోయినా ఫరవాలేదు. ‘మగ్రిబ్ అజాన్ అయిన కాసేపటికి’ అని చెప్పినా సహాయకుడు దానిని గంటల్లోకి మార్చుకోగలడు. కాలికి తాడు కట్టి ఉంటే ఎప్పుడు కట్టారో చెప్పాలి. నాటువైద్యం చేయించి ఉంటే సిగ్గుపడి దాచరాదు. పరదా పాటించే స్త్రీ బాధను భర్త చెబుతుంటే, ‘భర్త చెప్పిన ప్రకారం’ అని పత్రంలో పడాలి. వీలైతే ఇంట్లోని మరొక స్త్రీ ఆమెను అడిగి చెప్పడం మేలు. గర్భం గురించి, రక్తస్రావం గురించి ఆమె భర్తతోనైనా చెప్పుకోని సంగతులుంటాయి. ‘చక్కర్ వచ్చింది’ అంటే కళ్లు తిరిగాయా, స్పృహ తప్పిందా అన్నది కూడా విడమరచి చెప్పాలి.

వాడుతున్న మాత్రల అట్టలు, పాత చీటీలు ఒకే సంచిలో వేసి తలుపు వెనుక మేకుకు తగిలించుకోండి. అర్ధరాత్రి వాహనం వచ్చినప్పుడు బీరువా వెదికే పని ఉండదు.