బండికి తగిన బ్రేకు

విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు పేరు తెలుగువారికి కొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద' కథకు నెలవైన ఊరు అది. ఏటా ఆడి మాసంలో అక్కడ ఆండాళ్ తేరు సాగుతుంది. ఎందరో భక్తులు వడం పట్టి తేరును లాగుతారు. అయితే కదిలిన తేరును ఆపడానికి ఆ వడం పనికిరాదు. తాడుతో లాగగలమే గాని వెనక్కు నెట్టలేము. అందువల్ల తేర్లు సాగే చోట కొందరు కొయ్యదిమ్మలు పట్టుకొని చక్రాల పక్కనే నడుస్తారు. మలుపు వచ్చినప్పుడు, తేరు నిలవవలసినప్పుడు ఆ దిమ్మలను చక్రాల కింద ఉంచుతారు. ఇటీవలి కాలంలో కొన్ని దేవాలయాల తేర్లకు ఇనుప చక్రాలు, హైడ్రాలిక్ బ్రేకులు కూడా అమర్చారు. లాగే పని ఒకరిది, ఆపే పని మరొకరిది. ఈ రెండూ పొందికగా సాగితేనే తేరు క్షేమంగా తన చోటికి చేరుతుంది. ట్రాక్టరుకూ, దాని వెనుక తగిలించే ట్రైలరుకూ వర్తించే సూత్రం ఇదే.

ట్రైలరు ఎందుకు నెడుతుంది?

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగర్ వరకు ఉన్నది నల్లరేగడి సీమ. అక్కడి పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఒకప్పుడు పత్తి మూటలు, మిరపకాయల బస్తాలు ఎడ్లబండి మీద సంతకు పోయేవి. పల్లం వచ్చినప్పుడు బరువుబండి ఎడ్లను వెనుక నుండి తోస్తుంది. కాడి మెడ దాటి ముందుకు జరగబోతుంది. అనుభవం గల రైతు అక్కడ బండి దిగి, పగ్గాలు బిగించి, ఎడ్లను నెమ్మదిగా దించేవాడు.

నేడు ఆ బరువును ట్రాక్టరు లాగుతున్నది. బరువు పెరిగింది, వేగమూ పెరిగింది. కాని తోపు స్వభావం మారలేదు. దీనిని ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 2 టన్నుల ట్రాక్టరు ఒంటరిగా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతూ, బ్రేకు పట్టిన తరువాత సుమారు 9 మీటర్లలో ఆగుతుందని అనుకుందాం. దానికి 6 టన్నుల బరువుగల ట్రైలరును తగిలిస్తే మొత్తం 8 టన్నులు. ట్రైలరుకు బ్రేకు లేకపోతే ట్రాక్టరు బ్రేకే నాలుగింతల బరువును ఆపాలి. అప్పుడు ఆగడానికి పట్టే దూరం సుమారు 35 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి కాలు మోపడానికి ఒక్క సెకను పట్టినా, ఆలోగా బండి మరో 8 మీటర్లు సాగిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టిన తరువాత సాగే దూరం నాలుగు రెట్లవుతుంది.

దూరం ఒక్కటే చిక్కు కాదు. మలుపులో ట్రాక్టరు నెమ్మదించినా ట్రైలరు తన దారిన ముందుకు తోస్తుంది. ఆ తోపు పక్కవాటుగా తగిలితే ట్రాక్టరు అడ్డం తిరిగి బోల్తాపడవచ్చు. ట్రాక్టరుకు ఎడమ, కుడి చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చేలో చాలు చివర తిరగడానికి అవి అనుకూలం. రోడ్డు మీదికి వచ్చేముందు మాత్రం ఆ రెండింటినీ కలిపి బిగించాలి. లేకపోతే ఒక పక్క చక్రమే పట్టుకొని బండి పక్కకు లాగుతుంది.

బ్రేకుల రకాలు

మొదటిది తోపు బ్రేకు. ట్రాక్టరు నెమ్మదించగానే ట్రైలరు ముందుకు తోస్తుంది గదా! ఆ తోపునే వాడుకొని, కొక్కెం దగ్గర జరిగే కడ్డీ ద్వారా ట్రైలరు చక్రాలకు బ్రేకు పడుతుంది. దీనికి ముందు బండి నుండి గొట్టాలు, తీగలు అక్కరలేదు. అయితే ఇది తేలికపాటి ట్రైలర్లకే తగినది. ఐరోపా దేశాలలో దీనిని అనుమతించే ట్రైలర్ల బరువుకు పరిమితి ఉన్నది. వెనక్కు నడిపేటప్పుడు కూడా తోపు కలుగుతుంది గనుక, అప్పుడు బ్రేకు పడకుండా విడిపించే ఏర్పాటు ఉండాలి.

రెండవది హైడ్రాలిక్ బ్రేకు. ట్రాక్టరులోని నూనె ఒత్తిడి గొట్టం గుండా ట్రైలరుకు చేరి బ్రేకును నొక్కుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ట్రాక్టరు హైడ్రాలిక్ నూనె వేరు, మామూలు బ్రేకు ద్రవం వేరు. ఒకదానికై చేసిన రబ్బరు వాషర్లు మరొకదానిలో ఉబ్బి పాడైపోతాయి. గొట్టం కొన సరిగా అమరినంత మాత్రాన బ్రేకు కుదిరిందని అనుకోరాదు.

మూడవది ఎయిర్ బ్రేకు. దీనికి కంప్రెసరు కావాలి. బరువు లారీలకు, పెద్ద ట్రైలర్లకు ఇది వాడుకలో ఉన్నది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్లకు ఎయిర్ బ్రేకు రూపొందించాడు. అందులో గొట్టం తెగితే బ్రేకు పోయేది. 1872లో ఆయన ఆ పద్ధతిని తలకిందులు చేశాడు. గొట్టంలో గాలి నిండి ఉంటే బ్రేకు విడిచి ఉంటుంది. గాలి పోతే బ్రేకు దానంతటదే పడుతుంది. పెట్టెలు విడిపోయినా అవి తామే ఆగుతాయి. నేటి రైలు బ్రేకులకు ఆధారం ఈ సూత్రమే.

నాలుగవది విద్యుత్ బ్రేకు. డ్రమ్ములోని అయస్కాంతం కరెంటుతో పనిచేసి బ్రేకును పట్టిస్తుంది. కారు వెనుక కట్టే ట్రైలర్లకు కొన్ని దేశాలలో దీనిని ఎక్కువగా వాడతారు.

పడవ మోసే ట్రైలరు

తూత్తుకుడి తీరంలో ఫైబరు పడవలను మోసే ట్రైలరుకు మరో చిక్కు ఉన్నది. పడవను నీటిలోకి దింపేటప్పుడు దాని చక్రాలు ఉప్పునీటిలో మునుగుతాయి. విద్యుత్ బ్రేకుకు ఉప్పునీరు గిట్టదు. డ్రమ్ములోకి చేరిన నీరు త్వరగా బయటికి పోదు, తుప్పు పడుతుంది. అందుచేత తుప్పు పట్టని పూతగల డిస్కు బ్రేకు, హైడ్రాలిక్ తోపు బ్రేకు ఇటువంటి పనికి అనుకూలమైనవి. దూరం నడిచి వేడెక్కిన చక్రాలను వెంటనే నీటిలో దింపితే లోపలి గాలి కుంచించుకొని బేరింగులలోకి నీటిని లాగుతుంది. కాసేపు చల్లారనివ్వాలి. పని ముగిశాక మంచినీటితో కడగాలి. రోడ్డెక్కిన తరువాత రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి తడి ఆరనివ్వాలి.

ఎంచుకొనే విధం

బ్రేకును ఎంచుకొనేటప్పుడు ముందుగా సరకుతో కూడిన ట్రైలరు బరువును లెక్కించాలి. ట్రాక్టరు నుండి నూనె ఒత్తిడి, గాలి, కరెంటు వీటిలో ఏది లభిస్తుందో చూడాలి. ట్రైలరు బ్రేకు ముందు బండి బ్రేకుతో పాటుగానో, రవ్వంత ముందుగానో పడాలి. ఆలస్యమైతే తోస్తుంది. మరీ గట్టిగా పడితే ఖాళీ ట్రైలరు చక్రాలు బిగుసుకొని జారుతాయి. కొక్కెం ఊడినప్పుడు బ్రేకు తానుగా పడే ఏర్పాటు, నిలిపి ఉంచడానికి చేతి బ్రేకు తప్పక ఉండాలి.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. ఇంజను లేదు గనుక అది వట్టి పెట్టె అని తలచరాదు. పొద్దుగూకే వేళ పని ముగించుకొని మూటల మీద కూర్చొని ఇంటికి మళ్లే కూలీలను ఎన్నో పల్లెల్లో చూస్తాం. సరకు ట్రైలరులో మనుషులను ఎక్కించడమే తప్పు. బ్రేకు లేని ట్రైలరులో ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. ఎంత బరువు లాగగలదని ట్రాక్టరును మెచ్చుకొనేవారు, ఎంత బరువును ఆపగలదని కూడా అడగాలి. ఆ ప్రశ్న బండి కొనే నాడే అడగడం వివేకం.

ప్రశ్నలు
1. తేరును ఆపడానికి వడం ఎందుకు పనికిరాదు?
2. 1872లో వెస్టింగ్‌హౌస్ చేసిన మార్పు వల్ల కలిగిన మేలు ఏమిటి?
3. పడవ మోసే ట్రైలరు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించండి.
4. మీ ఊరిలోని ఒక ట్రైలరును పరిశీలించి, దానికి ఏ రకపు బ్రేకు ఉన్నదో, అది బరువుకు తగినదో కాదో పది వాక్యాలలో రాయండి.