నాస్తికుడును పండుగయు: కుంభారి శ్రామికవాడల దృష్టాంతము

దేవుని నమ్మనివాడు పండుగ చేసికొనవచ్చునా? చేసికొన్నచో ఎంతవరకు? షోలాపూరు చెంతనున్న కుంభారి వంటి శ్రామికవాడలలో ఈ ప్రశ్న నిత్యజీవితమునకు సంబంధించినది. అచ్చట బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన 10,000 ఇండ్ల కాలనీ 2006లో ప్రారంభమైనది. వార్లీ ఆదివాసుల నడుమ పనిచేసిన కమ్యూనిస్టు నాయకురాలు గోదావరి పరులేకరు పేరు దానికి పెట్టిరి. రేనగరులో తొలి 15,000 ఇండ్లు 2024 జనవరి 19న శ్రామికులకు అందజేయబడినవి. ఈ రెండింటి కొఱకును నరసయ్య ఆడం నాయకత్వమున ఎఱ్ఱజెండా సంఘములు పాటుపడినవి. ఆ జెండా సిద్ధాంతము దైవమును అంగీకరింపదు. ఆ జెండా పట్టినవారి గడపలకు మాత్రము పండుగనాడు మామిడి తోరణములు కట్టబడును. ఇందలి వైరుధ్యమును విచారింపవలసియున్నది.

శ్రావణ పౌర్ణమిని మరాఠీలు నారళీ పౌర్ణిమ యందురు. ఆనాడు పద్మశాలీలు జందెము మార్చుకొందురు. షోలాపూరులో మార్కండేయుని రథోత్సవము జరుగును. ఈ పండుగలో మూడు పొరలు కలవు. మార్కండేయుడు తమ కులమునకు మూలపురుషుడనునది విశ్వాసము. జందెము మార్చుట కర్మ. ఆడపడుచులు పుట్టింటికి వచ్చుట, బంధువులు కూడి భుజించుట కలయిక. నమ్మనివానికి మొదటిది లేదు, రెండవది చేసినచో నటన యగును, మూడవది అందఱిదియు.

బతుకమ్మ ఇంకను స్పష్టమైన ఉదాహరణము. తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చి, స్త్రీలు చుట్టును తిరుగుచు పాడి, తుదకు నీట విడుతురు. గౌరిని కొలుచువారికి అది పూజ. పాటలలో పుట్టింటి తలపులును, సంసారపు కష్టసుఖములును నుండుటచే తక్కినవారికి అది జ్ఞాపకము. మరాఠీ నడుమ పెరుగు తెలుగు బిడ్డకు గునుగు, తంగేడు అను మాటలు పాఠమునకంటె ముందు ఆ పూలపళ్లెమునందే పరిచయమగును. కావున పండుగకు పూర్తిగా దూరమగుట భాషకును కొంత దూరమగుటయే.

తెలుగునాట హేతువాదులును వేడుకను విడువలేదు. దాని తీరును మార్చిరి. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో వివాహవిధిని కూర్చెను. నాస్తికుడైన గోరా కుమార్తె వివాహము 1948 మార్చిలో సేవాగ్రామమున జరిగెను. ఆ పెండ్లిలో దేవుని పేరునకు బదులు సత్యము పేరు చెప్పుటకు గాంధీ బ్రతికియుండగనే సమ్మతించెను. షోలాపూరునకే 1931 జనవరి 12న ఉరితీయబడిన నలుగురు వీరుల స్మరణదినము కలదు. ధనశెట్టి, సారడా, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ శిందేలకు తల వంచుటకు ఏ మతమును అడ్డు రాదు.

దీనినిబట్టి నియమమొకటి తేలుచున్నది. మ్రొక్కకపోవుట దోషము కాదు. మ్రొక్కినట్లు నటించుటయు, మ్రొక్కువారిని పరిహసించుటయు దోషములు. ఆస్తికులకును ఒక ధర్మము కలదు: ఇంటి కోడలిని గాని, ఎదిగిన కొడుకును గాని బలవంతముగా పీటపై కూర్చుండబెట్టరాదు. రాజ్యాంగపు 25వ అధికరణము అంతఃకరణ స్వాతంత్ర్యమును అందఱికిని ఇచ్చినది. రథమునకు చేతులు మోడ్చనివాడు రథము వెంట నడచువారికి మంచినీళ్లు అందింపవచ్చును. గౌరిని నమ్మని అన్న చెల్లెలి బతుకమ్మకు పూలు కోసి తేవచ్చును. ఇరుగుపొరుగు నిలుచుటకు ఆపాటి చాలును.