పూర్వీకుల ఊరు చెప్పే రక్తపు లెక్క

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరితే అది హిమోగ్లోబిన్ ఎస్. ఇరవై ఆరో స్థానంలో లైసీన్ చేరితే హిమోగ్లోబిన్ ఇ. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఎస్ జన్యువు వచ్చిన బిడ్డకు సికిల్ సెల్ వ్యాధి వస్తుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఇ జన్యువు ఇద్దరి నుంచీ వచ్చినా రక్తహీనత స్వల్పమే. కానీ ఒకరి నుంచి ఇ, మరొకరి నుంచి బీటా గొలుసు తయారీని తగ్గించే బీటా తలసీమియా జన్యువు వస్తే, చాలామందికి తరచూ రక్తం ఎక్కించక తప్పదు.

ఒక్కరి నుంచే జన్యువు పొందినవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. ఎస్ వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపారు. అందుకే ఈ జన్యువులు మలేరియా ఉన్న నేలల్లో నిలిచాయి. థాయిలాండ్, లావోస్, కంబోడియా కలిసే చోట కొన్ని ప్రాంతాల్లో సగం మందికి పైగా ఇ వాహకులే. మలేషియాలో మలయులలోనూ అది బాగా కనిపిస్తుంది. భారతదేశంలో ఎస్‌ను తొలిసారి 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. తెలుగు నేలపై అది ఎక్కువగా గోండు, కోయ వంటి గిరిజన సమూహాల్లో ఉంది.

మలేషియాలో పేరాక్ నది ముఖద్వారాన ఉన్న బాగన్ దాతుక్‌లో ఎవరికి ఏ జన్యువు ఉండొచ్చన్న లెక్క జాగ్రత్తగా వేయాలి. కొబ్బరి తోటల పనికి తరలివచ్చిన తెలుగువారి వారసులు అక్కడ మలయుల పొరుగునే ఉంటున్నారు. మలేషియా తెలుగువారి పూర్వీకుల్లో చాలామందిది ఉత్తరాంధ్ర. అయినా ఏజెన్సీ కొండల్లోని ఎస్ శాతాన్ని తీరప్రాంతపు కుటుంబాలకు అంటగట్టడం తప్పు. ‘భారతీయులు’ అన్న ఒకే గడిలో తెలుగు, తమిళ, పంజాబీ కుటుంబాలను కలిపి తీసే సగటు కూడా ఎవరికీ సరిపోదు.

వాహకులు నూటికి పదిమంది అనుకుంటే, వంద జంటల్లో ఒకదానిలో ఇద్దరూ వాహకులే. వారికి పుట్టే ప్రతి బిడ్డకూ ముప్పు నాలుగో వంతు; అంటే మొత్తం మీద నాలుగు వందల మంది పిల్లల్లో ఒకరికి. మేనరికపు జంటల్లో ఇది దాదాపు రెట్టింపవుతుంది. ఒకే తాత జన్యువు రెండు వైపుల నుంచీ రావచ్చు కదా.

మలేషియాలో 2016 నుంచి నాలుగో ఫారం విద్యార్థులకు తలసీమియా వాహక పరీక్ష జరుగుతోంది. భారతదేశం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. పెళ్లి మాట కుదరకముందే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష ఇద్దరూ చేయించుకోవాలి.