చల్లదనము వెంట వచ్చిన వాసన

రోహిణీకార్తె యెండలో, చిలకలూరిపేట మీదుగా పోవు కలకత్తా–చెన్నై జాతీయ రహదారిపై అద్దములు బిగించుకొని సాగు కార్లను చూచినచో, అందలి ప్రయాణికులు పల్నాటి వేసవిని జయించిరనియే తోచును. కాని ఏసీ మీట నొక్కిన తత్క్షణమే, తడిబట్టలను మూటగట్టి మూలబెట్టినట్లు బూజుకంపు గుప్పుమనుట పలువురికి అనుభవమే. దానికి విరుగుడుగా డాష్‌బోర్డుపై నుంచు అత్తరుసీసా కంపును కప్పునేకాని దాని మూలమును మాన్పజాలదు. ఆ మూల మెరుగవలెనన్నచో యంత్రము పుట్టుపూర్వోత్తరములను కొంత తెలిసికొనక తప్పదు.

1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని యొక ముద్రణాలయమునకై రూపొందించిన యంత్రము మనుష్యుల సుఖమునకై పుట్టినది కాదు. తేమకు కాగితము సాగి, రంగులు చెదరిపోకుండ గాలిలోని తడిని పిండివేయుటయే దాని తొలి కర్తవ్యము. 1939లో అమెరికాలోని ప్యాకర్డ్ కంపెనీ అట్టి యంత్రమును కారున కెక్కించి, 274 డాలర్ల వెల నిర్ణయించినది. చల్లబరచు భాగము డిక్కీలో సగము చోటు నాక్రమించుచుండెడిది. కంప్రెసరును నిలుపుటకు మీట లేనందున, చల్లదనము చాలుననుకొన్నవాడు బండి నాపి, ఇంజిను కట్టివేసి, బానెట్టు తెరచి బెల్టు నూడదీయవలసివచ్చెడిది! కొలది యేండ్లలోనే ఆ యేర్పాటు మూలబడగా, 1954లో నాష్ కంపెనీ భాగములనన్నిటిని కారు ముందువైపుననే యిమిడ్చి, నేటి పద్ధతికి దారి చూపినది. ఓజోనుపొర రక్షణకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒడంబడిక ఫలితముగా, ఏసీలలో చల్లదనము నిచ్చు ఆర్-12 వాయువు తొలగి, దాని స్థానమున ఆర్-134ఏ వచ్చినది. వాయువు మారినను, తడిని పిండు పుట్టుకగుణము మాత్రము మారలేదు.

డాష్‌బోర్డు వెనుక, వెలుతురు సోకని చోట, పలుచని అల్యూమినియం రెక్కలు వరుసలు తీరియుండు కూలింగ్ కాయిల్ కలదు. బ్లోయరు తోయు వేడిగాలి దానిని తాకగనే అందలి ఆవిరి నీటిబొట్టులై రెక్కల వెంట జారి, క్రింది పళ్లెమున చేరి, డ్రైన్ పైపు గుండ నేలపై బడును. నిలిపిన కారు క్రింద కనబడు మడుగు ఇదియే. అయితే జిన్నింగు మిల్లుల నుండి లేచు ప్రత్తినూగును, మిరపకళ్లముల ధూళియు కేబిన్ ఫిల్టరును దాటి ఆ తడిరెక్కల నంటుకొన్నచో, సూక్ష్మజీవులకు అన్నపానములు రెండును సమకూరినట్లే; ఆ బూజుకంపు వాని సృష్టియే. తొలకరిజల్లున మన మనస్సును హరించు మట్టివాసనకు హేతువైన జియోస్మిన్ సైతము కొన్ని సూక్ష్మజీవుల సృష్టియే. అతిసూక్ష్మ పరిమాణమున నున్నను మానవనాసిక దానిని పసిగట్టగలదు.

అందువలన అనుభవజ్ఞుడైన మెకానిక్కు మొట్టమొదట కాలమును గూర్చి ప్రశ్నించును: “ఏసీ వెయ్యగానే వస్తుందాండీ, బండి నడుస్తుంటే వస్తుందా?” తొలినిమిషములలో వచ్చి, పిదప సన్నగిల్లు బూజువాసన కాయిల్‌ది. కాలిక్రింది కార్పెట్టు కూడ చెమ్మగిల్లినచో డ్రైన్ పైపు పూడుకొనియుండును. తియ్యని వాసనతోపాటు అద్దముపై జిడ్డుమసక క్రమ్మినచో హీటరు నుండి కూలెంటు కారుచున్నదని శంకింపవలెను. కుళ్లిన కోడిగ్రుడ్డు కంపు, హద్దుమీరి చార్జి యగుచున్న బ్యాటరీని గాని, పొగగొట్టమందలి శుద్ధియంత్రమును గాని సూచించును. ఎత్తు ఎక్కునపుడు వచ్చు కమురు క్లచ్‌ప్లేటుది. గ్యాసుతో నడుచు కార్లలో వచ్చు ఘాటువాసన, లీకును తెలుపుటకై బుద్ధిపూర్వకముగా కలిపిన మెర్‌కాప్టన్‌ది. అది సోకగనే బండి దిగవలెను. కార్బన్ మోనాక్సైడుకు ఆ పాటి హెచ్చరికయు లేదు: దానికి వాసనయే లేనందున, మూసిన షెడ్డులో ఇంజిను నడుచుచుండగా ఏసీ వేసికొని నిద్రించుట ప్రాణాంతకము.

చికిత్స సయితము కారణము వెంటనే నడచును. డ్రైన్ పైపును శుభ్రపరచి, ఫిల్టరు మార్చి, కాయిల్‌ను కడిగించిన పిదప, ఊరు చేరుటకు కొన్ని నిమిషములు ముందుగా ఏసీ నార్పి ఫ్యానును మాత్రము నడుపు అలవాటు చేసికొన్నచో రెక్కలు ఆరిపోవును. తడి యారిన చోట బూజు పెరుగదు. పిమ్మట అత్తరుసీసాతో పనియుండదు.